మెడ నొప్పి ఉన్నవాళ్లకి ఆరోగ్య సంజీవని పాలసీ పనికొస్తుందా?

నమస్తే అండి. మెడ నొప్పని డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎక్స్‌రే చూసి సర్వైకల్ స్పాండిలోసిస్ (మెడ ఎముకల అరుగుదల) అని చీటీలో రాశారు. ఇప్పుడు సొంతంగా హెల్త్ పాలసీ తీసుకోవాలి. అలాంటివాళ్ల కోసమే ఇవాళ ఆరోగ్య సంజీవనిని పరిశీలిద్దాం. 2020 ఏప్రిల్‌లో వచ్చిన స్టాండర్డ్ పాలసీ ఇది. ఏ కంపెనీలో కొన్నా ప్రధాన షరతులు ఒకటే, ప్రీమియమే మారుతుంది.

ముందు వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బుకి క్లెయిమ్ రావాలంటే పాలసీ కొన్నాక ఆగాల్సిన కాలం సంగతి. డిస్క్ జారడం, వెన్నెముక జబ్బులకి అందరికీ 24 నెలలు ఆగాలి, యాక్సిడెంట్ వల్ల వస్తే తప్ప. పాలసీకి ముందు 36 నెలల్లో డాక్టర్ జబ్బు ఉందని తేల్చినా, చికిత్స చేసినా అది పాత జబ్బు కింద లెక్క. దానికి 36 నెలల దాకా ఆగాలి. ఈ రెండూ మీకు వర్తిస్తే కూడరు, ఏది ఎక్కువైతే అదే లెక్క. 2024 ఏప్రిల్‌కి ముందు పాత జబ్బుల వెయిటింగ్ 48 నెలల దాకా ఉండేది, కాబట్టి పాత వీడియోలు చూసి భయపడకండి.

ప్రపోజల్ ఫామ్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. "చిన్న నొప్పే కదా, రాయక్కర్లేదు" అని ఏజెంట్ అంటే వినకండి. ఏ నెలలో చూపించుకున్నారు, ఎక్స్‌రేనా ఎమ్మారైయా, ఫిజియోథెరపీ ఎన్నాళ్లు, చేతికి తిమ్మిరి ఉందా లేదా, ఇవన్నీ రాసి రిపోర్టులు జత చేయండి. ప్రీమియం కొంచెం పెంచొచ్చు, పెంచనివ్వండి. దాచినట్టు తేలితే క్లెయిమ్ పోవడమే కాదు, పాలసీయే రద్దు చేయొచ్చు.

ఇంకో సంగతి. నొప్పి ఎక్కువైందని ఎమ్మారై కోసమే అడ్మిట్ అయితే డబ్బు రాదు. పరీక్షల కోసమే చేరడం, విశ్రాంతి కోసం చేరడం రెండూ మినహాయింపులే. అడ్మిషన్ అప్పుడు "ఎన్నాళ్ల నుంచి?" అని డాక్టర్ అడిగితే, ఉన్నదున్నట్టు తేదీతో చెప్పండి. "ఎన్నేళ్ల నుంచో" అని ఊరికే అనేస్తే కేస్‌షీట్‌లో అదే పడుతుంది, క్లెయిమ్ చూసేవాళ్లు ముందు అదే చదువుతారు.

ఈ పాలసీలో నాకు నచ్చనిది గది అద్దె. బీమా మొత్తంలో 2 శాతం, అదీ రోజుకి 5,000 మించదు. 8,000 గదిలో చేరారనుకోండి, డాక్టర్ ఫీజు, థియేటర్ ఛార్జీల్లాంటివి కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. ఇలా కోత పడే ఖర్చులు లక్ష అయితే లెక్కలోకి వచ్చేది 62,500. అందులో 5 శాతం కో-పే (మన జేబులోంచి కట్టే వాటా) పోతే చేతికొచ్చేది 59,375. మెడ ఆపరేషన్‌కి ఇది పెద్ద కోతే. అందుకే ఇంకో పాలసీ దొరకనివాళ్లకి, బడ్జెట్ తక్కువున్నవాళ్లకి మాత్రమే దీన్ని సిఫార్సు చేస్తాను. స్తోమత ఉంటే గది అద్దె పరిమితి లేని ప్లాన్ చూడండి. పాత జబ్బుల వెయిటింగ్ తగ్గించే రైడర్ (అదనపు ప్రీమియంతో తీసుకునే కవర్) ఉందేమో అడగండి.

పాలసీ కాపీ రాగానే పాత జబ్బుల కాలమ్‌లో మీ స్పాండిలోసిస్ రాశారో లేదో చూడండి. లేకపోతే వెంటనే మెయిల్ పెట్టి చేర్పించండి. షరతులు నచ్చకపోతే 30 రోజుల్లోపు వాపసు ఇచ్చేయొచ్చు.