బీపీ మాత్ర, ముసలి రక్తకణం: డాక్టరమ్మతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రీకాకుళం శ్రోతలందరికీ నమస్కారం. ఈరోజు రక్తం గురించి మీ సందేహాలకు డాక్టరమ్మ జవాబులు చెబుతారు. కళింగపట్నం నుంచి ఒక పెద్దాయన లైన్లో ఉన్నారు. చెప్పండి తాతగారూ.

కాలర్: నమస్కారమమ్మా. నేను బీపీకి ఆమ్లోడిపిన్ వాడతాను. అది కాల్షియం చానెళ్లను మూసే మందని మనవడు ఫోన్లో చూసి చెప్పాడు. ఎర్ర రక్తకణాలకూ ఆ చానెళ్లుంటాయట, కాల్షియం చేరితే అవి ముసలివవుతాయట. ఈ మాత్ర నా రక్తాన్ని ఏం చేస్తుందోనని నాలుగు రోజులై మానేశాను.

డాక్టర్: అయ్యో, మానేశారా! ఫోన్ పెట్టగానే దగ్గర్లో బీపీ చూపించుకోండి తాతగారూ. ఆ మాత్ర పనిచేసేది రక్తనాళాల గోడల్లోని కండరం మీద. అక్కడి చానెళ్లు వేరు, రక్తకణం పొర మీదివి వేరు.

కాలర్: అయితే మావాడు చెప్పింది అబద్ధమా?

డాక్టర్: సగం నిజం. పడవలో నీళ్లు తోడటం మీరు చూసే ఉంటారు.

కాలర్: చూడటమేటమ్మా, చిన్నప్పుడు నా పనే అది. మా నాన్న వల లాగితే నేను డబ్బాతో తోడేవాణ్ణి.

డాక్టర్: అదే లెక్క. కణం బయట కాల్షియం, లోపలికంటే పదివేల రెట్లకు పైనే ఉంటుంది. కణం సన్నటి నాళాల్లో నలిగి దూరినప్పుడు పియెజో1 అనే తలుపు తెరుచుకుని కాస్త లోపలికి కారుతుంది. 2010లో ఈ తలుపును కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్ 2021 నోబెల్ అందుకున్నవారిలో ఒకరు. కారినదాన్ని బయటకు తోడే పంపు కూడా ఆ పొరలోనే ఉంది. ఎర్ర కణానికి కేంద్రకం లేదు కాబట్టి పంపు పాడైతే కొత్తది చేసుకోలేదు. ఉన్నదాంతోనే సుమారు 120 రోజులు నెట్టుకొస్తుంది, రోజులు గడిచేకొద్దీ పంపు జోరు తగ్గుతుంది.

కాలర్: తోడేవాడు అలిసిపోతే పడవ మునుగుతుంది కదమ్మా.

డాక్టర్: ఇక్కడే తేడా. కణం నిండదు, ముడుచుకుంటుంది. లోపల కాల్షియం పెరిగితే గార్డోస్ చానెల్ అనే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. దీన్ని 1958లో గమనించిన హంగరీ శాస్త్రవేత్త పేరే దానికి పెట్టారు. అందులోంచి పొటాషియం పోతుంది, వెంటే నీరూ పోతుంది. మెత్తగా వంగే కణం ఎండు ఉసిరికాయలా బిరుసెక్కుతుంది. ఎడమ పక్కటెముకల కింద ప్లీహం ఉంది, దాని సందులు కణం వెడల్పు కంటే బాగా ఇరుకు. లేత కణం సాగి దూరిపోతుంది, బిరుసెక్కింది చిక్కుకుంటుంది. భక్షక కణాలు దాన్ని మింగేసి, అందులోని ఇనుమును కొత్త రక్తానికి అందిస్తాయి. ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే. కణం ముసలిదవడానికి కాల్షియం ఒక్కటే కారణం కాదు, ఇంకా ఉన్నాయి. మీ మాత్రకు మాత్రం ఇందులో పాత్ర లేదు.

కాలర్: నిజం చెప్పాలంటే కాళ్లు కూడా వాస్తున్నాయమ్మా.

డాక్టర్: ఆ మాట ముందే చెప్పాల్సింది. ఈ మందుతో పాదాలు వాయడం చాలామందికి ఉంటుంది. గుండె, కిడ్నీల వల్ల కూడా వాపు రావచ్చు. మీకు మందు రాసిన డాక్టరుకు చూపించండి, మార్చాలో తగ్గించాలో ఆయన చెబుతారు.

వ్యాఖ్యాత: సోంపేట నుంచి ఒక అమ్మాయి.

కాలర్: మేడమ్, నాన్నకు డయాలసిస్ జరుగుతోంది. హిమోగ్లోబిన్ 7 దగ్గరే ఉంది. అన్నంతో కాల్షియం మాత్ర వేస్తున్నాం, ఇదంతా విన్నాక టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: ఆపకమ్మా. ఆ మాత్ర తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టేస్తుంది. కణంలో కాల్షియం ఎంత ఉండాలో తలుపులూ పంపూ చూసుకుంటాయి. కిడ్నీ చెడితే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ తగ్గి కణాలు తక్కువగా పుడతాయి, పుట్టినవీ తక్కువ రోజులే బతుకుతాయి. ఉద్దానం ఇళ్లలో ఈ రక్తహీనత చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. దానికి ఇంజెక్షన్ వేస్తారు, ఆఖరుసారి ఎప్పుడు వేశారు?

కాలర్: మూడు వారాలైందండీ. తర్వాత స్టాక్ లేదన్నారు.

డాక్టర్: ఆయాసం ఏమైనా ఉందా?

కాలర్: రెండు మెట్లెక్కితే కూర్చుండిపోతున్నాడు.

డాక్టర్: అయితే రేపటిదాకా ఆగకమ్మా, ఇప్పుడే ఆసుపత్రికి బయల్దేరండి. పాత రిపోర్టులు పట్టుకెళ్లు. ఇంజెక్షన్ మూడు వారాలుగా పడలేదన్న మాట వెళ్లగానే చెప్పు.