మిసెస్ మెక్‌లౌడ్ ఐర్లాండ్‌కి వచ్చి మిస్ అయింది

నమస్తే అండీ. ఇది డబ్లిన్‌లోని స్మిత్‌ఫీల్డ్. వెనకాల కనిపిస్తున్నది కాబుల్‌స్టోన్ పబ్. మూల బల్ల చుట్టూ ఫిడేళ్ళూ, ఫ్లూటూ, ఇలియన్ పైపులూ (మోచేత్తో గాలి కొట్టే ఐరిష్ బ్యాగ్‌పైపులు). స్టేజీ లేదు, మైకు లేదు. దీన్ని సెషన్ అంటారు. వీడియో తీసే ముందు ఒకసారి అడగడం మర్యాద.

ఇప్పుడు మొదలెట్టిన రీల్ పేరు మిస్ మెక్‌లౌడ్స్. రీల్ అంటే ఇక్కడ హుషారైన నాట్యపు వరస. ఐరిష్ పాఠం పుస్తకాల్లో దాదాపు మొదట్లోనే ఉంటుంది. తమాషా ఏంటంటే, అచ్చులో మనకి కనిపించేది స్కాట్లాండ్ వైపు నుంచి. స్కాట్లాండ్ ఫిడేలు వాద్యకారులైన గౌ కుటుంబం 1809లో వేసిన ఐదో వరసల సంపుటిలో ఇది 'మిసెస్ మెక్‌లౌడ్ ఆఫ్ రాసే'. స్కై దీవి రీల్ అని పక్కనే రాశారు. రాసే అంటే స్కై పక్కన చిన్న దీవి. ఐర్లాండ్‌కి వచ్చేసరికి మిసెస్ కాస్తా మిస్ అయింది, దీవి పేరు రాలిపోయింది.

పేరుతో పాటు శ్రుతీ మారింది. స్కాట్లాండ్‌లో 'ఏ' మేజర్, ఇక్కడ 'జి' మేజర్. 'ఏ' మేజర్‌కి 'జి' షార్ప్ కావాలి. 'డి' శ్రుతి విజిల్ (రేకు పిల్లనగ్రోవి) మీదా, మీటలు లేని ఫ్లూటు మీదా ఆ స్వరం సులువుగా పలకదు. ఒక మెట్టు దింపితే ఆ బాధ లేదు. అందరూ కలిసి వాయించే చోట ఇదే హాయి.

మేజర్ అంటే మనకి శంకరాభరణమే. మొదటి భాగం స, గ, ప చుట్టూ ఊగుతుంది. భాగం చివర మాత్రం రి దగ్గర వదిలేస్తుంది, స మీదికి దిగదు. అందుకే ఇది గుండ్రంగా తిరిగే పాట. ఎనిమిది బార్ల (బారు అంటే తాళంలో ఒక చిన్న గడి) భాగం రెండుసార్లు, రెండో భాగం రెండుసార్లు, వెరసి 32 బార్లు. బారుకి రెండు దెబ్బలు, నిమిషానికి 112 దెబ్బలు వేసుకుంటే ఒక చుట్టు సుమారు 34 సెకన్లు. మామూలుగా మూడు చుట్లు వాయించి, ఆపకుండా ఇంకో రీల్‌లోకి దూకుతారు. ఇక్కడితో ఆపాలంటే చివర్లో ఒక స తగిలించాల్సిందే.

ఇప్పుడు ఆ ఫిడేలు ఆవిడ ఎడమచెయ్యి చూడండి. 'డి' తీగ మీద మూడో వేలు 'జి'. నాలుగో వేలు తటాలున తగిలి లేచింది, మళ్ళీ 'జి', మూడో వేలు లేచి 'ఎఫ్' షార్ప్ తొంగిచూసింది, మళ్ళీ 'జి'. దీన్ని రోల్ అంటారు. మన గమకంలా జారడం కాదు, చినుకు పడ్డట్టు వేలు తగిలి లేవడం. కర్ణాటక వయొలిన్ నేర్చినవాళ్ళు తడబడేది ఇక్కడే: వేలు అలవాటుగా జారుతుంది, లేదా ఐదు స్వరాలూ సమానంగా పడి లయ కుంటుతుంది. మధ్యలో తగిలే రెండూ స్వరాలు కాదు, తాకిడి మాత్రమే.

ఇంట్లో వయొలిన్ ఉన్నవాళ్ళకి ఒక జాగ్రత్త. మన స-ప-స-ప శ్రుతిలో తీగలు బాగా కిందికి దింపి ఉంటాయి. వీళ్ళది 'జి-డి-ఏ-ఈ'. పాత తీగల్ని అంత పైకి లాగితే సన్న తీగ పుటుక్కుమంటుంది. కొత్త సెట్ వేసి, కొద్దికొద్దిగా బిగించండి. పాదం మీద ఆనించి కూర్చోవడం కూడా కుదరదు, గడ్డం కిందే పెట్టుకోవాలి. కమాను సగం చాలు, పైసగం.

అట్లాంటిక్ దాటాక ఇదే వరస 'హాప్ హై లేడీస్', 'అంకుల్ జో' అయింది. అమెరికాలోని అపలాచియన్ కొండల్లో 'ఏ' శ్రుతి పాటలకి కింది రెండు తీగల్నీ ఒక్కో మెట్టు పెంచి 'ఏ-ఈ-ఏ-ఈ' చేస్తారు. వరస చూశారా? స-ప-స-ప! మన ఫిడేలు నాయుడుగారు, అదే ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతికిస్తే తీగల మధ్య దూరాలు కొత్తగా అనిపించేవి కావు.

సెషన్‌లో కూర్చోవాలనుకుంటే మొదట రెండు చుట్లు వినండి. పాట తెలియకపోతే వాయించకండి. రోల్ రాకపోతే ఆ స్వరాన్ని ఊరికే సాగదీయండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఎవరైనా వేగం పెంచితే మాత్రం కళ్ళెత్తి చూస్తారు.