అరకుకి కాదు, అరకు రోడ్డుకే రివ్యూ

హాయ్ అందరికీ. ఈ ఛానెల్లో ఇప్పటిదాకా బైకులకి, హెల్మెట్లకి, ఆఖరికి పంక్చర్ కిట్‌కి కూడా రివ్యూ చేశాను, ఈసారి ఒక రోడ్డుకి చేస్తున్నా. నవ్వకండి. అరకు మీద ఎన్ని వీడియోలు ఉన్నాయో మీకూ తెలుసు, అన్నీ అరకులోనే మొదలవుతాయి, ఒక డ్రోన్ షాట్, నాలుగు వలిసె పూలు, బొంగు చికెన్, అయిపోయింది. విశాఖ నుంచి అక్కడిదాకా దాదాపు 115 కిలోమీటర్ల ప్రయాణం ఉంది కదా, దాని గురించి ఒక్కడూ మాట్లాడడు. నాకైతే అసలు సరుకు అంతా ఆ దారిలోనే ఉంది. అందుకే మా బావ కారు అడిగి, బావని కూడా అడిగి (కారు ఒక్కటే ఇవ్వనన్నాడు), పొద్దున్న అయిదింటికి బయల్దేరాం.

ముందు దీని పేరు సంగతి తేలుద్దాం. సర్కారు లెక్కల్లో ఇది 39వ నంబర్ రాష్ట్ర రహదారి. విశాఖపట్నం, పెందుర్తి, కొత్తవలస, ఎల్.కోట (లక్కవరపుకోట), ఎస్.కోట (శృంగవరపుకోట), అక్కణ్ణుంచి కొండెక్కి అనంతగిరి, అరకు. ఇప్పుడు ఘాట్ భాగాన్ని 516ఈ అనే జాతీయ రహదారిలో కలిపేశారు. ఆ జాతీయ రహదారి రాజమహేంద్రవరం దగ్గర మొదలై రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు తిరిగి అరకు వచ్చి, మన ఘాట్ దిగి, బౌడార, తాటిపూడి మీదుగా విజయనగరం పోతుంది. అంటే మీరు ఒకటే రోడ్డు అనుకుని నడుపుతూ ఉంటారు, మధ్యలో అది రాష్ట్రం చేతిలోంచి కేంద్రం చేతిలోకి మారిపోతుంది. ఎస్.కోటలో టీ కొట్టాయన్ని ‘516ఈ ఎటు’ అని అడిగి చూశాను. ‘ఏటి బాబూ, బస్సు నెంబరా’ అన్నాడు. అరకు రోడ్డు అంటే మాత్రం చెయ్యి చూపించాడు.

బోర్డుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి, ఇది నాకు భలే ఇష్టమైన విషయం. మా తాతది ఎల్.కోట పక్కన పల్లె. పుట్టినప్పుడు ఆయనది విశాఖపట్నం జిల్లా. 1979 జూన్‌లో విజయనగరం జిల్లా ఏర్పడితే ఎస్.కోట తాలూకా అటు పోయింది, ఆయన ఇల్లు కదలకుండానే జిల్లా మారింది. దాంతో ఈ రోడ్డుకి ఒక వింత వచ్చింది: విశాఖ జిల్లాలో బయల్దేరి, విజయనగరం జిల్లాలోకి పోయి, కొండెక్కగానే మళ్ళీ విశాఖ జిల్లాలో పడేవాళ్ళం. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి ఆ ‘స్వాగతం’ బోర్డులు చదివి డ్రైవరు దారి తప్పి వెనక్కొచ్చేస్తున్నాడేమో అని కంగారుపడ్డాను, నిజంగా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక పైభాగం అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది, దానికి కేంద్రం పాడేరు. సో ఇప్పుడు ఒకే రోడ్డు మీద మూడు జిల్లాలు. తాతకి ఇవేవీ పట్టేవి కాదు, ‘కొండ మీదకి పోతన్నాం’ అంటే సరిపోయేది.

సరే, రోడ్డెక్కుదాం. సిటీ భాగం త్వరగా లాగించేస్తా, ఎందుకంటే అందులో చూసేదేం లేదు. ఎన్ఏడీ జంక్షన్ ఒకప్పుడు నరకం, 2020 చివర్లో ఫ్లైఓవర్ తెరిచాక ప్రాణం లేచొచ్చింది. అక్కణ్ణుంచి గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి, ఇదంతా బీఆర్టీఎస్ దారి. బస్సులు వేగంగా పోవడానికి మధ్యలో విడిగా లైన్లు వేశారు, ఆచరణలో అక్కడ ఆటో, బైకు, గేదె, పెళ్ళి ఊరేగింపు అన్నీ పోతాయి. పొద్దున్న ఆరు దాటితే ఈ ముక్కకే గంట పోతుంది. ఆదివారం తొమ్మిదింటికి ఇంట్లోంచి బయల్దేరి ‘రోడ్డు బాలేదు బ్రో’ అని కామెంట్ పెట్టేవాళ్ళకి నేను జవాబు ఇవ్వను.

పెందుర్తి దగ్గర అనకాపల్లి, ఆనందపురం మధ్య వేసిన ఆరు లైన్ల బైపాస్ తగులుతుంది. హైదరాబాద్, విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్ళు సిటీలోకి దూరక్కర్లేదు, అనకాపల్లి నుంచి సబ్బవరం మీదుగా నేరుగా పెందుర్తి తేలొచ్చు. ఇది చాలామందికి తెలీక ఊరంతా తిరిగొస్తున్నారు.

కొత్తవలస. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ఇక్కణ్ణుంచి మన రోడ్డుకి ఒక జోడీ దొరుకుతుంది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం, మనవాళ్ళు కేకే లైన్ అంటారు. 1960లలో వేశారు, పక్కా అవసరం కోసం: ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం తవ్వి, విశాఖ పోర్టుకి చేర్చి, జపాన్‌కి పంపాలి. జపాన్ సహకారంతోనే కట్టారు. 58 సొరంగాలు తవ్వారు, శిమిలిగుడ స్టేషన్ దగ్గర ఆ లైను సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకి పోతుంది. ఖనిజం కోసం వేసిన పట్టాల మీద ఇవాళ మనం అద్దాల పెట్టెలో కూర్చుని సెల్ఫీలు దిగుతున్నాం, ఆ విస్టాడోమ్ కోచ్ 2017లో వచ్చింది.

‘రైలా, రోడ్డా’ అని ప్రతి వీడియో కింద అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నా. ఒకసారి వెళ్ళేవాళ్ళు రైల్లో వెళ్ళి రోడ్డు మీద తిరిగి రండి. ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు రోడ్డుకే. రైల్లో లోయ కనిపించి, ‘అబ్బ’ అనేలోపు సొరంగం వచ్చేస్తుంది, మళ్ళీ వెలుగు, మళ్ళీ చీకటి. రోడ్డు మీదైతే నచ్చిన చోట బండి పక్కకి ఆపి, ఇంజిన్ కట్టేసి, అవతలి కొండ మీద ఖనిజం మోసే గూడ్స్ రైలు ఒక సొరంగంలోంచి బయటికొచ్చి ఇంకో దాంట్లోకి దూరడం పూర్తిగా చూడొచ్చు. ఇదిగో ఈ క్లిప్ చూడండి, పెట్టెలు లెక్కపెడదామని మొదలెట్టాను, మధ్యలో లెక్క తప్పాను.

ఎస్.కోట దాకా మైదానమే, రెండు పక్కలా పొలాలు, తాటిచెట్లు, జీడిమామిడి తోటలు. రోడ్డు కొన్ని చోట్ల బాగుంది, కొన్ని చోట్ల అతుకులు. ఎస్.కోటలో పెట్రోలు నింపేయండి, టిఫిన్ కూడా అక్కడే కానిచ్చేయండి, పైన పొద్దున్నే ఏం దొరుకుతుందో ఆ రోజు మీ అదృష్టం. శివరాత్రికి వస్తే పక్కనే పుణ్యగిరి కొండకి జనం కట్టలు కట్టుకుని పోతారు, ఆ రోజు రోడ్డు మీద ఆశ వదులుకోండి. ఇటు పక్కనే తాటిపూడి జలాశయం, గోస్తనీ నది మీద 1960లలోనే కట్టారు. మన వైజాగ్ కుళాయిల్లోకి వచ్చే నీళ్ళలో ఈ నీళ్ళూ ఉన్నాయి. ఈ గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కిందుగా పారి, తాటిపూడిలో ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మనం ఎక్కే కొండని అది దిగుతోందన్నమాట.

ఇక ఘాట్. ఇక్కడ వేగం, పాటల సౌండు రెండూ తగ్గించండి.

కాశీపట్నం దాటాక చెట్లు దగ్గరకొచ్చేస్తాయి, కిటికీ దించితే గాలి వాసనే మారుతుంది. టైడా దగ్గర తొలి చల్లదనం తగులుతుంది. తర్వాత డముకు మలుపులు. ఇక్కడ సరదా మాటలు వద్దు, 2021 ఫిబ్రవరిలో అరకు నుంచి దిగుతున్న టూరిస్టు బస్సు డముకు దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయారు. ఎక్కేటప్పుడు ఎవరికీ ఏమీ కాదు, బండి మూలుగుతూ ఎక్కుతుంది, అంతే. ప్రమాదమంతా దిగేటప్పుడే. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని పాత లారీ డ్రైవర్లు ఊరికే అనరు. మన బావగారు రిటర్న్‌లో పెట్రోలు మిగులుద్దామని న్యూట్రల్‌లో వదిలారు, పది నిమిషాల్లో చక్రాల దగ్గర్నించి కాలిన రబ్బరు లాంటి వాసన, బ్రేకు తొక్కితే మెత్తగా లోపలికి పోతోంది. పక్కకి ఆపి అరగంట కూర్చున్నాం, ఆ అరగంట ఆయన ముఖం వీడియోలో పెట్టొద్దని ఒట్టు వేయించుకున్నాడు కాబట్టి పెట్టట్లేదు. బ్రేకులు వేడెక్కాక పట్టు ఉండదండీ, ఇంజినే బండిని పట్టుకోవాలి, రెండో గేరు, ఒక్కోచోట మొదటి గేరు. ఇంకోటి, కొండ రోడ్డు మీద ఎదురుపడితే ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలి. ఇది మర్యాద మాత్రమే అనుకుంటారు, కాదు, రూల్. మలుపు దగ్గర హారన్ కొట్టండి, మలుపులో ఓవర్‌టేక్ చేస్తే మాత్రం నా వీడియోలు చూడకండి.

బొర్రాకి మెయిన్ రోడ్డు వదిలి పక్కకి దిగాలి. గుహలకి వేరే వీడియో చేస్తా, కానీ ఆ జంక్షన్ దగ్గర నేను చెప్పేది వేరే. ఈ బొర్రా చుట్టుపక్కల పల్లెలు, నిమ్మలపాడు లాంటివి, దేశమంతా తెలియాల్సిన ఊళ్ళు. ఇక్కడ కాల్సైట్ గనుల లీజుల మీద ‘సమత’ అనే సంస్థ కోర్టుకెళ్ళింది, 1997 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదు. లా చదివేవాళ్ళు సమత కేసు అని బట్టీ పట్టేది ఇదే. మీరు మ్యాగీ తిని ప్లేట్లు పడేసే చోటికి కొద్ది దూరంలో మొదలైన గొడవ అది.

పల్లెల మాట ఎత్తాను కాబట్టి, ఇది రివ్యూలో మైనస్ పాయింట్. మెయిన్ రోడ్డు వెడల్పు చేస్తున్నారు, సంతోషం, నున్నగా కూడా అవుతుంది. కానీ అనంతగిరి మండలంలోనే రోడ్డు లేని ఊళ్ళు ఉన్నాయి, నిండు గర్భిణుల్ని డోలీ కట్టి కిలోమీటర్ల కొద్దీ మోసుకొచ్చి ఈ తారు రోడ్డెక్కిస్తారు. మనకి ఇది పిక్నిక్ దారి, వాళ్ళకి ఇది అంబులెన్స్ అందే చోటు. వెడల్పు పనుల వల్ల చెట్లు, కొండవాలు ఎంత పోతున్నాయో కూడా కళ్ళకి కనిపిస్తుంది, తవ్విన చోట ఎర్రమట్టి పచ్చిపుండులా ఉంటుంది, వానాకాలం ఆ మట్టే జారి రోడ్డు మీదకి వస్తుంది. జులై నుంచి సెప్టెంబర్ దాకా వెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోండి.

గాలికొండ వ్యూపాయింట్. పేరులోనే ఉంది, టోపీ పట్టుకోండి. మేం ఎక్కేసరికి ఎనిమిదిన్నర, కింద లోయంతా పొగమంచు. పది దాటితే మంచు కరిగిపోయి, కార్లు పేరుకుంటాయి. అక్కడ ఒక బండి దగ్గర బొంగు చికెన్ అని తీసుకున్నాం, నిన్నటిది వేడి చేసి ఇచ్చాడని మొదటి ముక్కకే తెలిసిపోయింది. బొంగు పచ్చిగా, ఆకుపచ్చగా ఉంటే నిప్పుల మీద కొత్తగా పెట్టినట్టు, అప్పటికే నల్లగా మాడి పక్కన పేర్చి ఉంటే దణ్ణం పెట్టి వచ్చేయండి.

సుంకరిమెట్ట నుంచి కాఫీ తోటలు. పైన ఎత్తుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు, ఒకే నేలలో మూడంతస్తులు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆ నీడ చెట్లు పడిపోయి తోటలు దెబ్బతిన్నాయి, మళ్ళీ నిలబెట్టుకున్నారు. 2019లో ఇక్కడి కాఫీకి, అరకు వ్యాలీ అరబికా పేరుతో, జీఐ (ఫలానా ప్రాంతం సరుకు అనే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఇక్కడో ముసలావిడ ఇంటి ముందు గింజలు ఎండబెడుతుంటే, ‘కాఫీ తాగుతావా అమ్మా నువ్వు’ అని అడిగాను. ‘మాకెందుకు బాబూ, మేం అంబలి తాగుతాం’ అంది. ఆ గింజలే విశాఖ కేఫ్‌లో కప్పు ఎంతకి తాగుతున్నానో ఆవిడకి చెప్పడానికి నోరు రాలేదు.

మార్కులా? మైదానం ముక్కకి పదికి ఆరు, ఆ ఆరు కూడా తాత ఊరు ఉంది కాబట్టి. ఘాట్‌కి తొమ్మిది. ఒక మార్కు ఎందుకు కోశానంటే చెత్త. డముకు నుంచి గాలికొండ దాకా రోడ్డు పక్క లోయలోకి తొంగి చూడండి, నీళ్ళ సీసాలు, చిప్స్ కవర్లు, ఒకచోట ఏకంగా బర్త్‌డే బెలూన్లు. అవి అక్కడి ఊళ్ళవాళ్ళు పడేసినవి కావు.

మీరు రాత్రిపూట ఈ ఘాట్ నడిపి ఉంటే ఏ బండి మీద, మంచు ఎలా ఉందో కింద రాయండి, నేను ఇంకా ధైర్యం చెయ్యలేదు. వచ్చేసారి అరకు నుంచి పాడేరు ముక్క. బావ హారన్ కొడుతున్నాడు, బ్రేకులు చల్లారాయంట, ఉంటా.