సాబో: యంత్రంలోకి ఎవరూ విసరని చెక్క బూటు

రైలు పట్టాలు తప్పినప్పుడల్లా వార్తల్లో ‘శాబొటేజ్’, అంటే కావాలని చేసిన విధ్వంసం, అనే మాట వినిపిస్తుంది. వెంటనే ఎవరో ఒకరు పాత కథ ఎత్తుకుంటారు. కొత్త యంత్రాలు వచ్చి పని పోయిన ఫ్రెంచి కార్మికులు తమ చెక్క బూట్లను వాటిలోకి విసిరారనీ, ఆ బూటు పేరు ‘సాబో’ కనుక ఈ మాట పుట్టిందనీ చెబుతారు. ఆ మాట అలా పుట్టిందనడానికి ఆధారం లేదు. అసలు సంగతి ఇంతకంటే ఎంతో సొగసుగా ఉండగా ఈ కట్టుకథే ఊరేగుతూ ఉండటం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

తెర మీద కనిపిస్తున్న ఈ సాబోను చూడండి. మన పావుకోళ్లకు పాదం కింద పలక, వేళ్ల మధ్య గుబ్బ ఉంటాయి. సాబో మాత్రం బీచ్, బర్చ్ వంటి చెట్ల పచ్చి దుంగను పైన చెక్కి, చెంచాలా వంపు తిరిగిన బర్మాతో లోపల తొలిచి, పాదమంతా పట్టేలా తీర్చిన బూటు. పశువుల కొట్టంలో ఎంత బురద ఉన్నా కాలు తడవదు, లోపల కాస్త గడ్డి కూరితే చలి కూడా ఆగుతుంది. అయితే పావుకోళ్లూ సాబోలూ పాదంతో పాటు వంగవు కనుక, టకటకమనే చప్పుడూ తడబడే నడకా రెండింటికీ ఒకటే. పావుకోళ్లతో గబగబా మెట్లు దిగే మనిషిని ఒక్కసారి ఊహించుకోండి.

ఫ్రెంచిలో ‘సాబోతే’ అనే క్రియకు సాబోలతో చప్పుడు చేయడమనే అర్థంతో పాటు, పనిని మొరటుగా పాడుచేయడమనే అర్థం కూడా ఉంది. అంటే మన మెట్ల మీది మనిషి నడకే చేతి పనిలోకి వచ్చింది. ఆ క్రియ నుంచే ‘శాబొటేజ్’ వచ్చింది. ఫ్రెంచి కార్మిక నాయకుడు ఎమిల్ పూజే కూడా ఈ మాటను అలాగే వివరించాడు. 1897లో తులూజ్‌లో జరిగిన సీజీటీ అనే ఫ్రెంచి కార్మిక సంఘాల సమాఖ్య మహాసభ చేత, పనిని కావాలనే పాడుచేసే పద్ధతిని ఆమోదింపజేసినవారిలో ఆయన ఒకడు. చెడ్డ కూలికి చెడ్డ పని అన్నది వారి నినాదం.

పూజే చెప్పిన ఉదాహరణ నాకు మరీ ఇష్టం. 1889లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో రేవులో సమ్మె జరిగినప్పుడు యజమానులు పొలం కూలీలను దింపారు. ఓడ మీద నడవడమే చేతకాని ఆ కూలీలు సరుకులో సగం జారవిడిచినా, యజమానులు వారిని మెచ్చుకున్నారు. సమ్మె ఓడి తిరిగి పనిలోకి వెళ్లే రేవు కార్మికులకు సంఘం కార్యదర్శి, యజమానులకు నచ్చిన ఆ తీరులోనే మీరూ పని చేయండని చెప్పాడట. పావుకోళ్లతో మెట్లు దిగే మనిషి ఇక్కడ కావాలనే తడబడుతున్నాడు, అంతే తేడా. 1910 నాటి ఫ్రెంచి రైల్వే సమ్మెతో ఈ మాట ఇంగ్లిషులోనూ బాగా వ్యాపించింది.

సమయం తక్కువగా ఉంది కనుక మిగిలిన అర్థాలను త్వరగా చెబుతాను. గుర్రపు డెక్క సాబోయే, కొరడాతో కొట్టి తిప్పే బొంగరం కూడా సాబోయే. ఫిరంగి గొట్టం దాటగానే గుండును వదిలి విడిపోయే తొడుగుకూ ఆ పేరే ఉంది. నిలపకూడని చోట కారు నిలిపితే చక్రానికి బిగించే ఇనుప తాళాన్ని కూడా సాబో అనే అంటారు.