తూటాకు మీ ప్రహరీ గోడ తెలియదు

"మా పొలం, మా ఫామ్‌హౌస్, మా లైసెన్సు తుపాకీ. గాల్లోకి పేలిస్తే మీకేం నొప్పి?"

నగర శివారులో పుట్టినరోజు విందు, చప్పట్ల మధ్య గాల్లోకి కాల్పులు. ఆ వీడియో మీ ఫోన్లలోనూ తిరిగే ఉంటుంది. దాన్ని తప్పుపట్టినందుకు నాకు వచ్చిన జవాబు ఇది. ఒకరు కాదు, పదుల మంది ఇదే మాట. సరే, ఈ రోజు దీని సంగతే తేల్చుకుందాం. మీ పట్టా పాసుపుస్తకం భూమికి ఇచ్చినది. తూటాకు ఇచ్చినది కాదు!

లెక్క చూడండి. తుపాకుల్లో చిన్నదని చెప్పుకునే పాయింట్ 22 రైఫిల్‌నే తీసుకుందాం. దాని తూటాల పెట్టెల మీద ఒకటిన్నర మైలు వరకు ప్రమాదమని హెచ్చరిక అచ్చువేస్తారు. అంటే దాదాపు 2.4 కిలోమీటర్లు. చదరంగా ఉన్న ఎకరం పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఎంత? సుమారు 64 మీటర్లు. సెకనుకు 300 మీటర్లకు పైగా దూసుకెళ్ళే తూటా మీ ఎకరాన్ని సెకనులో ఐదో వంతులో దాటేస్తుంది. ఆ తర్వాత వరసగా మరో 36 ఎకరాలు దాటగలదు. ఆ 36 ఎకరాలూ మీవేనా? అక్కడ కలుపు తీస్తున్న మనుషులు మీ విందుకు వచ్చిన వాళ్ళేనా?

ఈ జబ్బు ఎక్కడ పుట్టిందో నాకు బాగా తెలుసు. ఇది గడీల నాటి, అంటే కోటల్లాంటి ఇళ్ళలో దొరలు ఏలిన నాటి దర్పం. ఒకప్పుడు హైదరాబాద్ పక్కన చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు కనుచూపు మేర జొన్నచేలే. దొర మిద్దె మీద నుంచి పేలిస్తే తూటా ఏ బీడులోనో పడేది. ఎవరికైనా తగిలినా అడిగే నోరు ఉండేది కాదు. ఇప్పుడు అవే భూములను ముక్కలు చేసి 5 గుంటలు, అంటే 605 గజాలు అని అమ్ముతున్నారు. పక్కన విల్లాలు, ఎదురుగా బడి, వెనక కోళ్ల ఫారం. కొన్నది గుంటల్లో, దర్పం మాత్రం దొరది!

ఇక చట్టం. ఆయుధాల చట్టం 1959 నాటిది. 2019లో దాన్ని సవరించి, వేడుకల్లో కాల్పులను పేరుపెట్టి మరీ నేరం చేశారు. పెళ్ళి అయినా, మరో వేడుక అయినా ఇతరుల ప్రాణానికి ముప్పు వచ్చేలా పేలిస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎవరికీ తగలకపోయినా సరే, ముప్పు తెస్తే చాలు. సొంత స్థలమైతే పర్వాలేదన్న మినహాయింపు అందులో వెతికినా దొరకదు. మరో మాట. లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది. బావ లైసెన్సుతో బావమరిది ఫొటో కోసం పేల్చడం కుదరదు.

"మరి దొంగలు పడితే?" అంటారు. ఆత్మరక్షణ హక్కు మీకుంది, నేను కాదనను. రాత్రిపూట ఇంట్లోకి చొరబడిన వాడికీ, గోడ దూకి మామిడికాయ కోసుకున్న పిల్లవాడికీ మన నేరాల చట్టమైన భారతీయ న్యాయ సంహితలో తేడా ఉంది. ఆస్తి కోసం ప్రాణం తీసేదాకా వెళ్ళే హక్కును దోపిడీ, రాత్రి చొరబాటు, ఇంటికి నిప్పు లాంటి కొన్ని సందర్భాలకే ఇచ్చారు. అప్పుడు కూడా అవసరానికి మించి హాని చేయకూడదు. మామిడికాయకు తూటా బదులు కాదు.

తుపాకీ అంటే ఇష్టమా? మంచిదే, నాకూ ఇష్టమే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ మన హైదరాబాద్‌లో పెరిగినవాడే. ఒకసారి షూటింగ్ నేర్పే రేంజ్‌కు వెళ్ళి చూడండి. గురి వెనక తూటాను ఆపే మట్టికట్టో గోడో ఉంటుంది. ఖాళీ అయిన రైఫిల్ గొట్టంలోంచి మెరిసే రంగు దారం దూర్చి, ఇందులో తూటా లేదని అందరికీ కనిపించేలా పెడతారు. కాల్చే క్షణం వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదకు పోదు. తుపాకీ మీద ప్రేమ అంటే అది. తాగిన చేత్తో ఆకాశంలోకి పేల్చడం ప్రేమ ఎలా అవుతుంది?

నాకు ఇంత కోపం ఎందుకంటే, మా పిన్ని వాళ్ళది శంకర్‌పల్లి దగ్గర ఊరు. రెండేళ్ళ కిందట పెళ్ళిళ్ళ సీజన్లో ఒక ఉదయం ఆమె డాబా ఎక్కింది. ముందు రోజు వడియాలు పెట్టిన పాత చీర అంచుకు జానెడు దూరంలో, గచ్చు బొటనవేలి గోరంత పెచ్చు లేచి ఉంది. పక్కనే నలిగిన సీసం ముక్క. రాత్రి చప్పుళ్ళు విని టపాసులే అనుకున్నారట. ఎవరు పేల్చారో ఇప్పటికీ తెలియదు. ఆ వేళకు డాబా మీద ఎవరూ లేరు, అంతే. వేసవిలో పిల్లలు అక్కడే పడుకుంటారు.

ఇప్పుడు పిన్ని వడియాలు వసారాలో ఆరబెడుతోంది. ఎండ సరిగా తగలక రెండు రోజులు ఎక్కువ పడుతోందట.