పది గంటల ఫ్లైట్‌లో పిచ్చెక్కింది విమానానికా, మనకా?

నమస్తే అండి. స్క్రీన్ మీద కనిపిస్తున్నది ఫ్లైట్ సిమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లో విమానం నడిపే ప్రోగ్రామ్‌లో, బోయింగ్ 777. ఎత్తు 36,000 అడుగులు, కింద అంతా నీళ్ళే. శంషాబాద్‌లో రాత్రి తొమ్మిదింటికి బయల్దేరి లండన్ హీత్రోలో దిగాల్సిన విమానం ఇది. మ్యాప్ చూడండి. హీత్రో దాటి దాదాపు గంట అయింది. ఐర్లాండ్ దక్షిణపు అంచు కూడా వెనకపడింది. బండి అట్లాంటిక్ మీద పడమటికి పోతోంది. పైలట్ గారు, అంటే నేనే, పక్క గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నారు.

పొద్దున ఎనిమిదింటికి లేచి ఇది చూడగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట 'బగ్గు'. ఈ విమానం తయారు చేసినవాళ్ళని నాలుగు తిట్టాను కూడా. తర్వాత కాక్‌పిట్‌లో కింద ఉన్న విమానం కంప్యూటర్ చిన్న స్క్రీన్ వైపు చూశాను. అందులో ఒకే లైన్ ఉంది: రీసెట్ ఎంసీపీ ఆల్ట్. అంటే ముందు ప్యానెల్ మీద ఎత్తు మార్చి పెట్టు అని. పాపం, విమానం ఎప్పుడో చెప్పింది. వినడానికే ఎవరూ లేరు.

సంగతి ఏంటంటే, ఎక్కడ దిగడం మొదలుపెట్టాలో కంప్యూటర్ చక్కగా లెక్క కడుతుంది. కానీ ఎంత ఎత్తు దాకా దిగొచ్చో ముందున్న ప్యానెల్ మీద నాబ్ తిప్పి మనమే పెట్టాలి. పెట్టకపోతే ఆటోపైలట్ ఆ ఎత్తు వదిలి ఒక్క అడుగు కూడా కిందికి రాదు. నిజం విమానంలోనూ అంతే. రూట్ అయిపోయాక ముక్కు ఎటుంటే అటు పోతుంది. నేను రూట్‌లో పెట్టుకున్న హీత్రో రన్‌వే పడమటికి తిరిగి దిగేది, అందుకే అట్లాంటిక్.

అందుకని ఈ రివ్యూ ఇలా చేద్దామనుకున్నాను. మూడు నెలల్లో హైదరాబాద్-లండన్ ఆరుసార్లు ఎగిరాను. సుమారు 7,700 కిలోమీటర్లు, పది గంటలు, ట్యాంకుల్లో 80 టన్నులకు పైగా ఫ్యూయల్. ఆరుసార్లూ ఏదో ఒక వింత జరిగింది. అందులో ఏది విమానం గుణం, ఏది సిమ్యులేటర్ లోపం, ఏది నా నిర్వాకం అన్నది చూద్దాం. నా ఫ్లైట్లలో జరిగినవాటికి సిమ్యులేటర్ పేరు, యాడ్ఆన్ కంపెనీ (అంటే సిమ్యులేటర్‌లోకి విడిగా ఈ విమానం చేసినవాళ్ళు) పేరు చెప్పను. కామెంట్లలో కొట్టుకోవద్దు, ప్లీజ్.

మొదటి వింత. రెండో ఫ్లైట్‌లో తొందరపడ్డాను. ఎంత పైకి వెళ్తే అంత ఫ్యూయల్ మిగులుతుందని ఎక్కడో చదివి, బయల్దేరిన గంటలోనే 38,000 అడుగులు పెట్టేశాను. విమానం ముక్కు పైకెత్తి ఈడ్చుకుంటూ ఎక్కింది. ఎక్కాక ఊగడం మొదలుపెట్టింది. ఇదిగో, ఎడమ పక్కన స్పీడ్ టేప్ జూమ్ చేస్తున్నాను. కింది నుంచి పసుపు గీత పైకొస్తోంది. పై నుంచి ఎరుపు నలుపు గళ్ళు కిందికొస్తున్నాయి. మన స్పీడ్ ఆ రెండింటి మధ్య ఇరుక్కుంది. రెండు లారీల మధ్య స్కూటీలాగా. కొంచెం తగ్గితే స్టాల్, అంటే రెక్కలు విమానాన్ని మోయలేవు; కొంచెం పెరిగితే ఓవర్‌స్పీడ్. పైలట్లు దీన్నే కాఫిన్ కార్నర్ అంటారు. అంత పైన గాలి పల్చన, మన విమానమేమో ఇంకా బరువుగా ఉంది. ఇందులో సిమ్యులేటర్ తప్పేం లేదు, పైగా చాలా బాగా చూపించింది. ఎయిర్‌లైన్స్ ఏం చేస్తాయంటే, ఫ్యూయల్ ఖర్చయి బరువు తగ్గేకొద్దీ మెట్లు ఎక్కినట్టు ఎక్కుతాయి. పడమటికి వెళ్ళేవాళ్ళకి సరి సంఖ్యలు: 32 వేలు, 34, 36, చివర్లో 38. ఆ తర్వాత నుంచి నేనూ అంతే. ఊగడం లేదు.

రెండోది మాత్రం సిమ్యులేటర్ లోపమే. నల్ల సముద్రం దగ్గర, తెల్లవారుజామున మూడింటికి, హెడ్‌ఫోన్స్‌లో ఒక్కసారిగా సైరన్ మోత. ఓవర్‌స్పీడ్. గుండె జారిపోయింది. రికార్డింగ్ వెనక్కి తిప్పి చూస్తే ఎదురుగాలి ఒక్క సెకనులో 40 నాట్స్ (గంటకి ఇన్ని నాటికల్ మైళ్ళు అని లెక్క) నుంచి 75కి దూకింది. లైవ్ వెదర్, అంటే బయటి అసలు వాతావరణం, సిమ్యులేటర్‌లోకి ముక్కలు ముక్కలుగా వస్తుంది కదా, ఒక ముక్కకీ పక్క ముక్కకీ మధ్య అతుకు సరిగ్గా పడకపోతే ఇలా అవుతుంది. లెక్క చూడండి. 777 మామూలుగా మాక్ 0.84 మీద, అంటే ధ్వని వేగంలో 84 శాతంతో పోతుంది, దాని హద్దు 0.89. ఆ ఎత్తులో ఈ రెండింటికీ తేడా 29 నాట్స్ దాకా ఉంటుంది. గాలి 35 దూకితే హద్దు దాటక ఏమవుతుంది? అసలు ఆకాశంలోనూ గాలి మారుతుంది, కుదుపులూ ఉంటాయి. కానీ స్విచ్ వేసినట్టు మారి అక్కడే ఉండిపోదు. నేను చేసేది చెప్తాను: కంప్యూటర్ చెప్పిన ఎత్తుకి ఒక 2,000 అడుగులు కిందే ఉంటాను, స్పీడ్ 0.82 పెడతాను. కొంచెం ఫ్యూయల్ ఎక్కువ తాగుతుంది. తాగనీండి, డబ్బులేం కట్టక్కర్లేదు కదా.

టైమ్ యాక్సిలరేషన్, అంటే సిమ్యులేటర్‌లో టైమ్‌ని పరిగెత్తించడం గురించి చాలామంది అడిగారు. పది గంటలు ఎవరు కూర్చుంటారన్నా, 4 రెట్లు పెట్టేస్తే పోదా అని. పెట్టాను. ఐదు నిమిషాల్లో రెక్కలు అటూ ఇటూ ఊగడం మొదలైంది, తర్వాత ముక్కు పైకీ కిందికీ. కారణం సింపుల్. ఆటోపైలట్ క్షణక్షణం ముక్కు ఎటుందో చూసి సర్దుతూ ఉంటుంది. టైమ్ పరిగెత్తిస్తే అది ఒకసారి చూసి మళ్ళీ చూసేలోపు విమానం చాలా కదిలిపోతుంది. మీరు ఓఆర్ఆర్ మీద బండి నడుపుతూ నాలుగు సెకన్లకోసారి మాత్రమే కళ్ళు తెరిచారనుకోండి, అచ్చం అలాగే. నా అనుభవంలో 2 రెట్లు, అదీ తిన్నగా పోతున్నప్పుడు మాత్రమే. మలుపు వచ్చినా, ఎక్కుతున్నా, దిగుతున్నా మామూలు టైమ్‌కి రండి.

ఇప్పుడు సిగ్గుపడే విషయం. నాలుగో ఫ్లైట్‌లో ఆటోపైలట్ ఊరికే ఆగిపోయేది. ఇరవై నిమిషాలకోసారి సైరన్, ముక్కు వాలిపోవడం. యాడ్ఆన్ కంపెనీకి స్క్రీన్‌షాట్లతో సహా ఇంత పొడుగు మెయిల్ రాశాను. రాసి, పంపేసి, జాయ్‌స్టిక్ సెట్టింగ్స్ తెరిచాను. చూడండి, నా చేతులు రెండూ గాల్లో ఉన్నాయి, ఎవరూ ముట్టుకోవడం లేదు. అయినా ఆ తెల్ల గీత వణుకుతోంది చూశారా? అదిగో, ఒక్కసారి ఎగిరింది. ఆరేళ్ళ నాటి జాయ్‌స్టిక్. లోపల స్టిక్ ఎంత కదిలిందో కొలిచే పొటెన్షియోమీటర్ ఉంటుంది, కదిపిన ప్రతిసారీ రాసుకుని అరుగుతుంది, దుమ్ము కూడా చేరుతుంది. విమానమేమో పైలట్ గారు స్టిక్ లాగారనుకుని ఆటోపైలట్ వదిలేస్తోంది. డెడ్ జోన్, అంటే స్టిక్ కాస్త కదిలినా పట్టించుకోని మధ్య భాగం, 5 శాతం పెట్టాను, సమస్య పోయింది. సారీ చెప్తూ ఇంకో మెయిల్ రాశాను. కొత్తగా కొనేవాళ్ళు హాల్ సెన్సర్ ఉన్నది చూసుకోండి. అందులో అయస్కాంతంతో పని, రాపిడి ఉండదు.

అన్నట్టు, సెస్నా 172 అనే చిన్న ప్రొపెల్లర్ విమానం టేకాఫ్‌లో ఎడమకి లాగేస్తోంది, జాయ్‌స్టిక్ పాడైందా అని వారానికి ఇద్దరైనా అడుగుతారు. పాడవలేదు. ప్రొపెల్లర్ తిరిగే తీరుకి ఆ విమానం అలాగే లాగుతుంది. కుడి రడ్డర్ పెడల్ తొక్కండి.

ఇక ఏ సిమ్యులేటర్ కొనాలి? మైక్రోసాఫ్ట్‌వి రెండున్నాయి, ఆగస్టు 2020లో ఒకటి, నవంబర్ 2024లో ఇంకొకటి. కిటికీలోంచి కిందికి చూడటానికి వాటిని మించింది లేదు. కాకపోతే పది గంటల ఫ్లైట్‌లో తొమ్మిది గంటలు మేఘాలో, చీకటో. టీ పెట్టుకోవడానికి లేస్తూ యాక్టివ్ పాజ్ నొక్కేవాళ్ళు జాగ్రత్త. అందులో విమానం ఉన్నచోట ఆగుతుంది గానీ సిస్టమ్స్ నడుస్తూనే ఉంటాయి. మెనూలో ఉన్న మామూలు పాజ్ వాడండి. ఎక్స్-ప్లేన్ 12 బొమ్మలో కాస్త వెనక. కానీ సగంలో సేవ్ చేసి రేపు కొనసాగించడానికి హాయిగా ఉంటుంది. లాంగ్ ఫ్లైట్లకి నా ఓటు దానికే. 2006 నాటి ఎఫ్ఎస్ఎక్స్ సిమ్యులేటర్ ఇంకా వాడుతున్న పెద్దలకి ఒక దండం. అది 32 బిట్, 4 జీబీ దాటి మెమరీ వాడలేదు. పది గంటలు ఎగిరి, సరిగ్గా పెద్ద ఎయిర్‌పోర్ట్ దగ్గర పడ్డాక మెమరీ చాలక మూసుకుపోయే బాధ మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

వాట్సిమ్‌లో, అంటే నిజం మనుషులు కంట్రోలర్లుగా ఉండే నెట్‌వర్క్‌లో, లాంగ్ ఫ్లైట్ చేస్తే మాత్రం నిద్ర కుదరదు. 30 నిమిషాలకి మించి కుర్చీ వదలకూడదని రూల్. ఇంకోటి, కంప్యూటర్‌కి యూపీఎస్ పెట్టుకోండి. ఐదో ఫ్లైట్ దిగడానికి పదకొండు నిమిషాల ముందు మా వీధిలో కరెంటు పోయింది. ఇంటి ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిరిగింది, గేమింగ్ పీసీ తిరగలేదు.

ఇక ఆ అట్లాంటిక్ విమానం. లేచేసరికి ట్యాంకుల్లో 6 టన్నులు మిగిలాయి. హీత్రోకి తిరిగి వెళ్ళే సీన్ లేదు. దగ్గర్లో పొడుగాటి రన్‌వే ఏదుందా అని చూస్తే ఐర్లాండ్‌లో షానన్ కనిపించింది, 3 కిలోమీటర్లకి పైనే. బ్రష్ నోట్లోనే ఉంది. ఒక చేత్తో విమానం తిప్పాను, రెండో చేత్తో, వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్ళ లెక్కన, 36ని మూడుతో గుణించి 108 మైళ్ళ దగ్గర దిగడం మొదలుపెట్టాను. ఈసారి నాబ్ ముందే తిప్పాను. రన్‌వే మీద కొంచెం గట్టిగానే తగిలింది. స్టాండ్ మీద ఆపి ఇంజిన్లు కట్టేస్తుంటే అమ్మ తలుపు తీసి "లండన్ వచ్చిందేంట్రా?" అంది. ఐర్లాండ్ అన్నాను. "సర్లే, ఇడ్లీ చల్లారిపోతోంది" అంది.

ఆ ల్యాండింగ్ కట్ చేయకుండా మొత్తం 24 నిమిషాలూ ఆదివారం పెడతాను. ఉంటానండి.