సైన్యం ఆర్పాల్సిన దీపం

[దృశ్యం: తెల్లవారుజాము, కాకినాడ తీరం. తడి ఇసుక మీద తాబేలు పాకిన జాడ.]

ఈ జాడ చూశారా? చిన్న ట్రాక్టరు ఒకటి నీళ్లలోంచి వచ్చి, తిరిగి నీళ్లలోకే వెళ్లినట్టుంది. ఇది ఆలివ్ రిడ్లే తాబేలు. రాత్రి ఒడ్డెక్కింది, గొయ్యి తవ్వి వంద దాకా గుడ్లు పెట్టింది, పైన ఇసుక కప్పి వెళ్లిపోయింది. దాదాపు ఏడు వారాలకు పిల్లలు బయటికొస్తాయి. వాటికి తెలిసింది ఒక్కటే, వెలుతురున్న వైపు నడవడం. చీకటి రాత్రుల్లో సముద్రం మీది ఆకాశమే కాస్త వెలుతురుగా ఉంటుంది. ఒడ్డున ఒక దీపం వెలిగిందా, అటే పోతాయి. తెల్లారేసరికి కాకులకు దొరుకుతాయి.

మరి తాబేలుకూ సైన్యానికీ ఏమిటి సంబంధం?

2019 నవంబరులో భారత్, అమెరికా బలగాలు టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు జరిపింది విశాఖపట్నంలోనూ, ఈ కాకినాడ తీరంలోనూ. 2024లో అవే విన్యాసాలు మార్చిలో వచ్చాయి. మార్చి అంటే మన తీరంలో తాబేళ్ల కాలం. అప్పుడు గూళ్లకేదో అయిందని నేను అనడం లేదు. తేదీలు ఖరారు చేసే బల్ల మీద తాబేళ్ల కేలండరు కూడా ఉండాలంటున్నాను, అంతే.

ఇది అత్యాశ కాదు. ఒడిశాలో అబ్దుల్ కలాం ద్వీపం ఉంది, మన క్షిపణుల్ని పరీక్షించే చోటు. దానికి దగ్గర్లోనే గహీర్‌మాథా, లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం. ఆ కాలంలో ద్వీపం మీది దీపాల వెలుగు సముద్రం వైపు పడకుండా చూడడం గురించి ఏళ్లుగా మాట్లాడుకుంటున్నారు. జనవరి నుంచి మార్చి దాకా పరీక్షలు ఆపే ఏర్పాటు కూడా వచ్చింది. దీపం ఆర్పడానికి బడ్జెట్ అక్కర్లేదు. ఒక ఉత్తర్వు చాలు, దాన్ని పాటించారో లేదో చూసే ఒక మనిషి చాలు.

[దృశ్యం: పటం. ధవళేశ్వరం దిగువన రెండు పాయలు, పచ్చటి ఆయకట్టు.]

ఇప్పుడు భూమి సంగతి. రక్షణ శాఖ కొలిపించిన తన భూములు 17.78 లక్షల ఎకరాలు. మన లెక్కలో చెప్పాలంటే, ధవళేశ్వరం బ్యారేజీ కింద గోదావరి డెల్టా ఆయకట్టు సుమారు పది లక్షల ఎకరాలు. దానికి ఒకటిన్నర రెట్లకు పైనే. అంత నేల చుట్టూ కంచె ఉంటే మంచీ జరగొచ్చు, చెడూ జరగొచ్చు. ఇంగ్లండులో సాల్స్‌బరీ మైదానం సైన్యం చేతిలో ఉండబట్టి నాగలి పడలేదు. అక్కడ యుద్ధ ట్యాంకులు చేసిన గుంతల్లో వాననీరు నిలిస్తే ఒక అరుదైన చిన్న రొయ్య పుట్టుకొస్తుంది. కొల్లేరు నుంచి కోనసీమ దాకా పొలాలు చెరువులైపోతుంటే చూసిన మనకు రొయ్య అంటే వేరే అర్థం, అది పక్కన పెట్టండి. రెండో వైపు కరీబియన్ సముద్రంలో, ప్యూర్టోరికోకు చెందిన వియెక్వెస్ ద్వీపం ఉంది. అమెరికా నౌకాదళం దశాబ్దాల పాటు అక్కడ బాంబులు వేసి 2003లో వెళ్లిపోయింది. పేలని గుండ్లు ఆ నేలలో మిగిలాయి, శుభ్రం చేసే పని ఏళ్ల తరబడి సాగింది.

మన దేశం చేసిన మంచి ప్రయోగం ఇంకొకటుంది. ముస్సోరీ కొండల్ని సున్నపురాయి కోసం తవ్వేసి బోడిగా వదిలేశారు. 1982 డిసెంబరులో దేహ్రాదూన్ కేంద్రంగా ప్రాదేశిక సేన (టెరిటోరియల్ ఆర్మీ) మొదటి పర్యావరణ దళాన్ని నిలబెట్టింది. గఢ్వాల్ రైఫిల్స్‌కు అనుబంధమైన 127వ బెటాలియన్ అది. జవాన్లు ఎక్కువగా ఆ కొండ ప్రాంతం వాళ్లే, సైన్యంలో ఉద్యోగం ముగించుకుని ఇంటికొచ్చినవాళ్లు. ఒక రోజు మొక్కలు నాటి ఫొటో దిగే పని కాదు, యూనిఫాంలో ఏళ్ల తరబడి అక్కడే ఉండే పని. తర్వాత రాజస్థాన్ ఎడారికి, ఢిల్లీ భట్టీ గనులకు, అస్సాంకు అలాంటి దళాలే వెళ్లాయి. మడ అడవికి మాత్రం ఎందుకు రాకూడదు?

[దృశ్యం: కోరంగి. పడవ. బురదలోంచి పెన్సిళ్లలా పైకి లేచిన వేళ్లు.]

ఆ ప్రశ్న మా మావయ్య ముందు పెట్టాను. సైన్యంలో ఇంజనీరింగు దళమైన మద్రాస్ సాపర్స్‌లో ఇరవై రెండేళ్లు చేసి వచ్చాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ మద్రాసు ఇంజనీర్ల అధికారి కాబట్టి, ఆయన్ని తన పాత ఆఫీసరు అన్నట్టే మాట్లాడతాడు. పడవలో తీసుకెళ్లి చేపముళ్ల కాలువలు చూపించాను. మడ చచ్చిపోయిన చోట నేల పళ్లెంలా కుంగుతుంది. పోటు నీళ్లు లోపలికి వచ్చి తిరిగి పోలేవు, ఎండి ఉప్పు మిగులుతుంది, మొక్క బతకదు. అందుకని ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వుతారు. పోటుకు నీరు ఎక్కుతుంది, ఆటుకు దిగుతుంది, ఉప్పు కడిగిపోతుంది. గట్ల వాలులో తెల్లమడ మొక్క పెడతారు. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ కలిసి ఈ డెల్టాలో చేసి చూపించిన పద్ధతి ఇది.

మావయ్య గట్టు మీద చెయ్యి పెట్టి నొక్కాడు. బురద వేళ్ల మధ్య జారింది.

"నిట్రంగా కోస్తే రెండు పోట్లకు కూలుతుంది. వాలు ఇవ్వాలి. ట్రెంచి తవ్వినప్పుడు మాకు మొదట నేర్పేది అదే అబ్బాయీ."

"రిటైరైన వాళ్లు చేస్తారంటారా మావయ్యా?"

"జీతం, రేషను, హాజరు పట్టీ ఉంటే చేస్తారు. సేవ అని పిలిస్తే మొదటి ఆదివారం మాత్రమే వస్తారు."

మనుషులకు కొదవ లేదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచయుద్ధం నుంచీ ఆ ఊరి మగవాళ్లు సైన్యంలో ఉన్నారు. 1996 నవంబరు తుపాను కోనసీమను ఊడ్చేశాక సహాయానికి వచ్చిన జవాన్లను చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. అలను ముందే నెమ్మదింపజేసే చెట్టు నాటడం, తర్వాత పడవలేసుకుని జనాన్ని వెతకడం కన్నా చవక. సైన్యానికి ఆ లెక్క బాగా తెలుసు.

పక్కనే కృష్ణా డెల్టాలో, నాగాయలంక దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మేలో శంకుస్థాపన జరిగింది. అదీ మడ తీరమే. అక్కడ రాత్రి దీపాలు ఎటు తిరిగి ఉంటాయో స్తంభాలు పాతేలోపే అడగాలి.

[దృశ్యం: పిల్ల కాలువలోకి మెల్లగా నీరు ఎక్కుతోంది.]

పడవ తిప్పేటప్పుడు మావయ్య అడిగాడు: "ఈ వరసలో ఎన్ని పెట్టారు?" నాకు తెలియదన్నాను. నా డైరీ తీసుకుని, మునగకుండా కనిపిస్తున్న ఆకుల్ని ఒకటొకటిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.